ట్రౌట్ పుస్తకం, టోమన్ చేప

మా పుస్తక బృందంలో ఒక నియమం ఉంది. నెలకొకరు తాము చదివిన పుస్తకం గురించి మాట్లాడాలి, తర్వాత ఆ సంగతులు రాసి ఫైల్లో పెట్టాలి. నా విషయంలో ఈ రాత అవసరం కాస్త ఎక్కువ. నా ప్రసంగం అవగానే ట్రైన్ కోసం లేచి వెళ్ళిపోయినవాళ్ళు నలుగురున్నారు. వాళ్ళు ఇప్పటికీ నేను చేపలు పట్టడంలో ఆరితేరినవాణ్ణని అనుకుంటున్నారు.

నేను బడిలో చదివింది పదో తరగతి వరకే. ఈ దేశం వచ్చాక జురాంగ్ ఐలాండ్ ఫ్యాక్టరీల్లో పైపుల పని. మిగతా చదువంతా వుడ్‌ల్యాండ్స్ లైబ్రరీలో నా అంతట నేను చదువుకున్నదే. ఆ మాట చెప్పుకోవడం నాకు ఇష్టం. ఒక ఆదివారం వంతెనల పుస్తకం వెతుకుతుంటే పక్క అరలో ట్రౌట్ చేపల వేట పుస్తకం కనిపించింది. ట్రౌట్ చలిదేశాల వాగుల్లో, సరస్సుల్లో ఉండే చేప. ఎండ ముదిరితే లోతుకు దిగుతుంది. వానకు ముందు గాలి ఒత్తిడి తగ్గగానే ఆకలితో పైకొస్తుంది. వాన వెలిశాక, వాగు తెచ్చిన ఎర్రనీరు సరస్సులో కలిసేచోట, కలకకూ తేటకూ మధ్య అంచున, కొట్టుకొచ్చే పురుగుల కోసం కాచుకుని ఉంటుంది. ఒక చేపకు ఇంత వాతావరణ జ్ఞానమా అని మూడుసార్లు చదివాను.

వచ్చే నెల దీని మీదే మాట్లాడతానని చెప్పగానే, బృందంలోని, బ్యాంకులో పనిచేసి రిటైరైన ఆంటీ కళ్ళజోడు పైనుంచి నన్ను చూశారు.

"నువ్వెప్పుడైనా చేప పట్టావా నాయనా?"

"పట్టకేం ఆంటీ! పట్టాను."

అలా ఎందుకన్నానో తెలియదు. నా జన్మలో గాలం ముట్టుకోలేదు. ఈ నెల లోపల ఒక్కటి పట్టేస్తే అబద్ధం నిజమైపోతుందని సర్దిచెప్పుకున్నాను.

మా పక్క ఫ్లాట్ అంకుల్ మలేసియాలో పుట్టిన తెలుగువారు, మాట చివర అక్కడివాళ్ళ లాగే ‘లా’ తగిలిస్తారు. ఆదివారమంతా రిజర్వాయర్ గట్టునే ఉంటారు. నా కష్టం విని పగలబడి నవ్వారు.

"ట్రౌటా? ఇక్కడెక్కడుంది లా! టోమన్ ఉంది. మీ ఊళ్ళో కొర్రమేను అంటారే, దానికి అన్న."

ఆదివారం నేను గోధుమపిండి ముద్ద కలిపి పట్టుకెళ్ళాను.

"అది లోపల పెట్టు తంబీ! ఇక్కడ తిండి ఎర వేయకూడదు, ఫైన్ వేస్తారు. ఇదిగో, రబ్బరు కప్ప."

"చేప రబ్బరు తింటుందా అంకుల్?"

"చూడని చేప గురించి నువ్వు పుస్తకం మొత్తం నమలలేదా? అదీ అంతే."

మూడు గంటలు ఎండలో మాడాం. ఒక్క చేపా కదల్లేదు. ఉన్నట్టుండి మలేసియాలోని జొహోర్ వైపు నుంచి మబ్బు కమ్ముకొచ్చింది, గాలి లేచింది.

"అంకుల్, ఇప్పుడే! ఒత్తిడి తగ్గింది, చేపలు పైకొస్తాయి!"

అంతలో గట్టు మీద పిడుగుల హెచ్చరిక సైరన్ మోగింది.

"చేప పైకొస్తే రానీ. నువ్వు పైకి పోతావు. ఆ కర్ర దించు!"

గంటసేపు షెడ్డు కింద తలదాచుకున్నాం. వాన వెలిశాక అంకుల్ తన పాతచోటికే బయలుదేరారు. నేను చొక్కా పట్టుకుని ఆపాను. కాలువ రిజర్వాయర్లో పడేచోట ఎర్రనీరు విసనకర్రలా పరుచుకుని ఉంది. దాని అంచు గీత గీసినట్టు కనిపిస్తోంది.

"అక్కడ వేద్దాం అంకుల్."

"పుస్తకం చెప్పిందా?"

"చెప్పింది."

"ట్రౌట్‌కి చెప్పింది. టోమన్ ఇంగ్లీషు చదవదు లా."

అయినా వచ్చారు. ఇద్దరం వేశాం. నా గాలం గడ్డిలో చిక్కుకుంది. ఆయన మూడోసారి విసరగానే నీళ్ళు పగిలినట్టయ్యాయి. మోచేతి నుంచి వేళ్ళదాకా ఉండే నల్లటి టోమన్! అంకుల్ దాన్ని నా చేతుల్లో పెట్టారు.

"నవ్వు, ఫొటో తీస్తా. నువ్వే పట్టావు, నేను చూశాను. సరేనా?"

ఫొటో తీసి చేపను వదిలేశాం. ఫొటోలో నేను అచ్చం చేపలు పట్టేవాడిలాగే ఉన్నాను.

సమావేశం రోజు గంటసేపు బాగానే మాట్లాడాను. ఫొటో చూపించగానే చప్పట్లు కొట్టారు. నలుగురు ట్రైన్‌కి లేచారు. అప్పుడు ఆంటీ మళ్ళీ అడిగారు:

"నువ్వే పట్టావా నాయనా?"

అతిథిగా వచ్చి వెనక వరసలో కూర్చున్న అంకుల్ అప్పటికే అవునని తల ఊపుతున్నారు. నేనూ ఊపితే సరిపోయేది. కానీ ఆ పుస్తకంలో ప్రతి మాటా నిజమని గంటసేపు వాదించినవాణ్ణి. నా మాటే అబద్ధమైతే దాన్నెవరు నమ్ముతారు?

"లేదాంటీ. చోటు పుస్తకం చూపించింది, చేప అంకుల్ పట్టారు. నేను ఎత్తుకుని నిలబడ్డానంతే. పోయిన నెల మీతో అన్నది కూడా అబద్ధమే."

"అయ్యో తంబీ!" అని అంకుల్ తల కొట్టుకున్నారు.

ఆంటీ ఫొటోను దగ్గరగా పెట్టుకుని చూశారు. "నాకప్పుడే తెలుసు. చేపను చంటిపిల్లలా ఎత్తుకున్నావు, మెడ కింద చెయ్యేసి." అందరూ నవ్వారు. ఆవిడ మాత్రం చెయ్యి చాపారు. "చేప సంగతి సరే, చోటు చెప్పింది కదా. ఆ పుస్తకం ఇటివ్వు, చదువుతాను."

పేరుపేరునా కృతజ్ఞతలు చెప్పాలి. పేర్లు రాయొద్దని వాళ్ళే అన్నారు కాబట్టి వరసలతోనే చెబుతున్నాను. నా కోసం అబద్ధమాడటానికి కూడా సిద్ధపడ్డ అంకుల్‌కు, పుస్తకం గడువు రెండుసార్లు పొడిగించడం నేర్పిన లైబ్రరీ అమ్మాయికి, ఒకే ప్రశ్న రెండోసారి అడిగిన ఆంటీకి.