ఉప్పలమ్మ మూసిన తూము

ఉప్పలమ్మ చెడ్డమనిషేం కాదు. ఆకలన్నవాళ్లకు ఇంత అన్నం పెడుతుంది. బజారులో ఎవరికి జ్వరమొచ్చినా ముందు తానే పోయి పలకరిస్తుంది. ఒక్క నవనీత పేరు చెబితే మాత్రం ఆమె కడుపులో ఎవరో కట్టెల పొయ్యి ముట్టించినట్టే. నవనీత ఆమెకు తోటికోడలు, మరిది దివాకర్ భార్య. రెండిళ్లకూ మధ్య ఒకటే గోడ.

మేళ్లచెరువుకు దగ్గరి ఊరు వాళ్లది. ఊళ్లోకెల్లా పల్లంలో ఉండే బజారు వాళ్లది. వాగు పొంగిందంటే ముందు వీళ్ల గడపలే తొక్కుతుంది.

ఉప్పలమ్మ కాపురానికి వచ్చినప్పుడు అది ఒకటే ఇల్లు. అత్త సైదమ్మ నోటికి జడిసి కోడికూతతో లేచి వాకిలి ఊడ్చేది, గొడ్లకు మేత వేసేది, ఇంటిల్లిపాదికీ వండేది. ఎంత చేసినా "ఊఁ" అనడమే తప్ప, బాగుందని అన్న పాపాన పోలేదు సైదమ్మ. ఆ తర్వాత చాలా ఏళ్లకు నవనీత వచ్చింది. వచ్చిన వారానికే చింతపండు పులుసు కాస్తే, అదే అత్త గిన్నె నాకి మరీ "చిన్నదాని చెయ్యి అమృతం" అంది. ఆ పులుసులో ఉప్పు ఎక్కువైందని ఉప్పలమ్మ ఈనాటికీ ఒట్టేసి చెబుతుంది.

తెలంగాణ రాష్ట్రం వచ్చిన ఏడాది అన్నదమ్ములు ఇల్లు పంచుకున్నారు. ఉప్పలమ్మ మొగుడు సైదులు వ్యవసాయంలోనే ఉండిపోయాడు. దివాకర్ సిమెంటు ఫ్యాక్టరీలో పనికి కుదిరాడు. ఆ ఇంటికి టైల్సు వచ్చాయి, రంగులు వచ్చాయి, ఫ్రిజ్ వచ్చింది. ఉప్పలమ్మ ఇంట్లో అవే నాపరాళ్లు, అదే సున్నం. నవనీత ఫ్రిజ్‌లో నీళ్ల సీసా తెచ్చి "తాగక్కా, సల్లగున్నయి" అంటే, తాగాలనే ఉన్నా "నాకు పండ్లు జివ్వుమంటయి" అని ముఖం తిప్పుకునేది.

అన్నింటా నవనీతదే పైచేయి. ఒక్క వరద దగ్గరే ఇద్దరూ సమానం. వాగు నీళ్లకు టైల్సు, నాపరాయి అన్న తేడా ఏముంది? రెండిళ్లలోకీ ఒకే తీరుగా వచ్చేవి, ఒకే తీరుగా బురద వదిలిపోయేవి. తన ఇంట్లో బురద ఎత్తిపోస్తూ ఉప్పలమ్మ గోడ అవతల నవనీత చీపురు చప్పుడు వినేది. విని లోలోపల చల్లబడేది. పైకి చెప్పుకుంటే సిగ్గుచేటు గానీ, ఏడాదికోసారి వినిపించే ఆ చప్పుడు ఆమెకు పండగ.

ఆ పండగకు కూడా ఎసరు పెట్టాడు దివాకర్. ఫోన్లో ఏదో వీడియో చూశాడట. మేస్త్రీ అక్కర్లేదు, ఎవరింటికి వాళ్లే బిగించుకోవచ్చట. నల్లటి రబ్బరు పట్టీలు, నీళ్లాపే గమ్ము ట్యూబులు, గుమ్మానికి అడ్డంగా మోకాలెత్తున నిలబెట్టే ప్లాస్టిక్ పలక తెప్పించాడు. సెలవు రోజున చొక్కా విప్పి కూర్చుని పలక నిలబెట్టి, సందుసందుకూ గమ్ము పట్టించాడు. గమ్ము ఆరాక బజారోళ్లను పిలిచి, పలక మీద బిందెలకొద్దీ నీళ్లు గుమ్మరించాడు. లోపల చుక్క పడితే ఒట్టు.

ఎదురింటి పోచయ్య తాత కర్ర ఆనించుకుని వంగి చూశాడు. "అబ్బో! ఇగ వాగు కాదు, కృష్ణమ్మ వచ్చినా నీ ఇంట్ల అడుగుపెట్టది బిడ్డా!" అన్నాడు. నవనీత నవ్వింది. ఆ నవ్వు చూసేసరికి ఉప్పలమ్మకు ఒళ్లంతా మిరపకాయ రాసినట్టయింది.

ఇంట్లోకి వచ్చి మొగుడి మీద పడింది. "నువ్వూ ఉన్నవ్ మొగోనివి! తమ్ముణ్ని జూసి జర నేర్సుకో!" పోరు పడలేక సైదులు కోదాడ పోయి ఒక గమ్ము ట్యూబు తెచ్చాడు. పలకకు బదులు పాత రేకు, రబ్బరుకు బదులు సైకిల్ ట్యూబు ముక్కలు. కానీ వాళ్ల దర్వాజా పాతది, వంకరది. గోడకేమో పొరలుపొరలుగా సున్నం. గమ్ము బాగానే పట్టింది, సున్నానికి పట్టింది. మర్నాడు వేలితో లాగితే సున్నపు పెచ్చుతో సహా చేతిలోకి వచ్చింది. గోడ అవతల నవనీత టీవీ చూస్తూ నవ్వుతుంటే, తనను చూసే నవ్వుతోందనుకుని ఉప్పలమ్మ ఆ పూట అన్నం తినలేదు.

అయితే ఉప్పలమ్మకు ఒక సంగతి తెలుసు. అది ఆమెకు తప్ప ఇంకెవరికీ తెలియదు.

ఒకటే ఇల్లుగా ఉన్నప్పుడు వెనక అర్రలో జాలారు ఉండేది. స్నానాలు అక్కడే, గిన్నెలు కడిగేదీ అక్కడే. ఆ నీళ్లు గోడ అడుగున ఉన్న తూములోంచి వెనక సందులోని మోరీలోకి పోయేవి. పంపకాల్లో ఆ అర్ర దివాకర్ వాటాకు వచ్చింది. జాలారు తీసేసి, తూము సిమెంటుతో మూయాలని మేస్త్రీని పిలిచారు. వాడు ఒక పూట చేసి, రెండో పూట రాలేదు. "నువ్వే మూసెయ్యవే" అంది సైదమ్మ. ఆ నవనీత వాటా కోసం నేను చాకిరీ చేయాలా అనుకుంటూ ఉప్పలమ్మ ఒక పాత గోనెసంచి, రెండు ఇటుక ముక్కలు తూములో కుక్కి, పైన మట్టి మెత్తి, దాని మీద బండ జరిపింది. మేస్త్రీయే మూశాడని అందరూ అనుకున్నారు. సైదమ్మ పోయాక ఆ మాట ఎత్తేవాళ్లే లేరు. ఆ అర్రలో టైల్సు కూడా వేయించలేదు.

నిరుడు వరదప్పుడు ఉప్పలమ్మ వెనక సందులో నిలబడి చూసింది. గోనె కుళ్లిపోయింది. తూము గుటగుటమంటూ నీళ్లు మింగుతోంది. తలుపులోంచి ఎలాగూ నీళ్లు వస్తున్నాయి గనుక లోపలివాళ్లకు ఆ సంగతి తెలియలేదు. ఇప్పుడు దివాకర్ ముందు తలుపుకు అన్ని హంగులూ చేసి, వెనక నోరు తెరిచి పెట్టాడు. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారే, అలాంటిదే ఆ తూము.

చెప్పాలనుకుంది. ఒకసారి గోడ దగ్గరిదాకా పోయింది కూడా. అవతల నవనీత ఎవరితోనో ఫోన్లో, "మాకు ఇగ వానకాలం ఫికరే లేదు" అంటోంది. ఉప్పలమ్మ వెనక్కి తిరిగి వచ్చేసింది. రానీ నీళ్లు. ఆ టైల్సు మీద బురద చూడనీ.

దసరాకు ముందు పత్తి మొదటి ఏరుడు ఇంటికి చేరింది. తెల్లగా, గోడంత కుప్ప. ఏడాది పొడుగునా ఆలుమగలు పడ్డ కష్టమంతా ఆ కుప్పే. తడిస్తే రంగు మారుతుంది, ఎవడూ ముట్టడు. ఇంతలో ముసురు పట్టింది. చేలో విచ్చుకున్న కాయలన్నా దక్కించుకుందామని ఉప్పలమ్మ ఒడి కట్టుకుని పోయింది. మధ్యాహ్నానికి ఆకాశానికి చిల్లుపడింది. ఆమె మోకాటిలోతు నీళ్లలో పడుతూ లేస్తూ ఇంటికి వచ్చేసరికి లోపల నాపరాళ్ల సందుల్లోంచి కూడా ఊట పొంగుతోంది. పత్తి కుప్ప లేదు.

"పత్తేదయ్యా?" అని అరిచింది.

సైదులు హాయిగా తల తుడుచుకుంటున్నాడు. "ఫికర్ జేయకు. నవనీతనే పిలిచింది. మా ఇల్లు పొడిగనే ఉంది గద బావా, ఇండ్ల ఎయ్యుండ్రి అన్నది. అందరం కలిసి మోసినం."

"ఏ అర్రల ఏసిండ్రు?"

"ఎనుక అర్రల."

తూమున్న అర్ర అది! ఉప్పలమ్మ మరుక్షణం పరుగు తీసింది. నవనీత గుమ్మం దగ్గర పలక నిలువెల్లా నీళ్లు తాకుతున్నా, చుక్క లోపలికి పోవడం లేదు. దాటడానికి నవనీత చెయ్యి అందించింది. "మెల్లగ అక్కా, జారుతవు!" ఆ చెయ్యి విదిలించుకుని ఉప్పలమ్మ వెనక అర్రలోకి దూకింది.

పత్తి పైన తెల్లగానే ఉంది. అడుగున బండ చుట్టూ నీళ్లు బుడబుడమంటున్నాయి. కుప్ప కిందినుంచి నల్లబడుతూ వస్తోంది.

"ఎత్తుండ్రి! తూము తెర్సుకున్నది! మంచం మీదికి ఎత్తుండ్రి!" అని అరుస్తూ ఆమె పత్తిని చేతులతో తోడి పారేసింది. బండ పక్కకు నెట్టి, నడుముకున్న ఒడిబట్ట విప్పి తూములో కుక్కింది. అయినా నీళ్లు ఆగలేదు. మడమ పెట్టి అదిమి నిలబడింది. నవనీత పరుపులు, దుప్పట్లు నేల మీదికి లాగేసి, తన మంచాల మీద ఉప్పలమ్మ పత్తి పోసింది. సగం దక్కింది, సగం నీళ్లు తాగింది.

అర్రలో ఇద్దరే ఉండగా రొప్పుతూ నవనీత అడిగింది. "గిది సిమెంటు పెట్టి మూసిండ్రు గద? తెర్సుకున్నదని నీకెట్ల ఎరుక అక్కా?"

"మూసింది నేనే. గోనెసంచి పెట్టి."

"మరి ఇన్నొద్దులు చెప్పలేదేంది?"

ఉప్పలమ్మ మడమను ఇంకా గట్టిగా అదిమింది. నవనీత ఆమె ముఖంలోకి చూసింది, చూసి తల తిప్పుకుని మిగిలిన పత్తి ఎత్తింది.

తెల్లారేసరికి బజారులో నీళ్లు తీశాయి. నీళ్లు నిలిచింది ఒక్క దివాకర్ ఇంట్లోనే. తూములో ఒడిబట్ట, గుమ్మానికి పలక. లోపలికి వచ్చిన నీళ్లకు బయటికి దారేది? కష్టపడి బిగించిన గమ్మును దివాకర్ కత్తితో కోస్తుంటే జనం గుమిగూడారు.

"ముందు తలుపే జూసిన గని ఎనుక జూడలే," అన్నాడు దివాకర్ తల గోక్కుంటూ. "ఆ తూము ఎట్ల తెర్సుకున్నదో!"

"పందికొక్కు తవ్వినట్టుంది," అంది నవనీత.

గుమ్మడికాయల దొంగ అన్నట్టే, ఎవరూ ఏమీ అనకుండానే ఉప్పలమ్మ భుజాలు తడుముకుంది. పోచయ్య తాత కర్ర ఊపుతూ అందుకున్నాడు. "తన పరుపులు నీళ్లపాలు జేసి తోటికోడలి పత్తి కాపాడింది సూడు! గుణమంటే గది!"

టైల్సు దానికే. ఫ్రిజ్ దానికే. అత్త మెప్పు దానికే. ఇప్పుడు తన తప్పు కప్పిపెట్టి, ఈ మంచి పేరు కూడా అదే కొట్టేయాలా? ఉప్పలమ్మ జనాన్ని తోసుకుని ముందుకొచ్చింది.

"పందికొక్కు లేదు, గిందికొక్కు లేదు! ఆ తూము మూసింది నేను. కుళ్లిందని ఎరికుండీ చెప్పకుండ ఊకున్నది నేను. దాని ఇల్లు మునగాలనే ఊకున్న!"

బజారంతా నోరు తెరిచింది. సైదులు తల దించుకున్నాడు. నవనీత తడిపత్తి గంప చంకకెత్తుకుని ఎండలోకి నడుస్తూ ఆగింది.

"చెప్పకున్నా నడుస్తుండె గదక్కా," అంది మెల్లగా.

"నువ్వు గట్లనే అంటవ్," అని ఉప్పలమ్మ ఏడ్చింది. "నువ్వెప్పుడూ గట్లనే అంటవ్."