గేటు మీది రొట్టె

మా ఆయనకు సెక్రటేరియట్‌కు బదిలీ అయి తెనాలి నుంచి హైదరాబాదు వచ్చిన కొత్తల్లో, ఈ ఊళ్లో నాకు బాగా తెలిసింది ఒక్కటే: మేం అద్దెకున్న ఇంటి గేటు మీది రొట్టె. తినే రొట్టె కాదు. సున్నంతో పోసిన జెండా బొమ్మ. పసుపు రంగు, నడుమ గుండ్రంగా తెల్లటి కుల్చా రొట్టె. నిజాం రాజ్యపు జెండా అదేనట. రాజ్యమో గీజ్యమో నాకెందుకు? ఆబిడ్స్ వెనక నుంచి నాంపల్లి స్టేషన్ వైపు పోయే ఆ సందులో గేట్లన్నీ ఒకే అచ్చులో పోసినట్టుండేవి. పలకల మీద రాతలన్నీ ఉర్దూ. రొట్టె మాత్రం మా గేటు మీదే ఉండేది. మొజంజాహీ మార్కెట్లో పళ్లు కొనుక్కుని, రిక్షా ఎక్కి "కుల్చా ఘర్" అంటే చాలు, తెచ్చి దింపేవాడు. నాకొచ్చిన ఉర్దూ కూడా అంతే.

మా ఆయన నెలలో సగం క్యాంపుల్లోనే ఉండేవారు. అప్పటికి పిల్లలు లేరు. పలకరించే దిక్కు ఇంటావిడ ఒక్కతే. భర్త పోయిన మనిషి, పాత హైదరాబాదు వాళ్లు. కింది భాగంలో, మంచాన పడ్డ మామగారికి సేవ చేస్తూ ఉండేది. మధ్యాహ్నం ఆయన నిద్రపోయాక నేను కిందికి దిగి ఆమె అరుగు మీద కూర్చునేదాన్ని. నేను "పిన్నిగారూ" అంటే నవ్వేది.

"ఏంది బిడ్డా, గారు గీరు? ఇంట్లోల్లకు గారెందుకు?"

ఆమె మాటల్లో సగం నాకు అర్థమయ్యేవి కావు. నా మాటల్లో సగం ఆమెకు అర్థమయ్యేవి కావు. అయినా ఇద్దరికీ పొద్దు గడిచేది. ఆ గంటసేపు లేకపోతే నాకు పిచ్చెక్కేదే.

కొన్నాళ్లకు ఆమె మామగారు పోయారు. పాత సర్కారు కొలువులో ఉండి ఆ ఇల్లు కట్టించిందీ, గేటు మీద జెండా పోయించిందీ ఆయనే. కర్మ అయ్యీ కాకముందే, ఆమె మేస్త్రీకి కబురు పెట్టింది, ఆ బొమ్మ చెక్కి తీయించేయాలని. దాంతో ఇంట్లో పంచాయితీ మొదలైంది. పక్క వాటాలోని బడిపంతులు మా వైపు మనిషే. "ఇన్నాళ్లు ఉండనివ్వడమే తప్పు" అన్నాడు. వెనక వాటాలో ఉండే గుమాస్తా తాతల నాటి హైదరాబాదీ. "జెండ జెక్కితె చరిత్ర పోతదా? రేపు చార్మినార్ గూడ జెక్కుతరా?" అని ఆయన. పంపు దగ్గర బిందెలు నిండి పొర్లిపోతున్నా ఇద్దరూ పంపు కట్టేసేవాళ్లు కాదు.

కందకు లేని దురద కత్తిపీటకెందుకని నేను ఊరుకోవచ్చు కదా! ఊరుకుంటే నేనెందుకవుతాను? తిన్నగా ఆమె దగ్గరికి పోయి, "పిన్నిగారూ, గుర్తుకి ఉండనివ్వండి" అన్నాను.

ఇల్లు గుర్తుపట్టడానికని నా ఉద్దేశం. ఆమె మొహం నల్లబడింది.

"యాదికా?" అంది.

యాది అంటే జ్ఞాపకమని అప్పటికి నాకు తెలియదు. మా వైపు పల్లెల్లో 'ఏది'ని 'యాది' అంటారు. ఏది అని అడుగుతోందనుకుని, "అదే, ఆ రొట్టే!" అని వేలెత్తి చూపించి మరీ చెప్పాను. ఆమె లోపలికి పోయి తలుపేసుకుంది.

ఆ తరవాత నాతో మాట్లాడలేదు. మా ఆయన వరంగల్ క్యాంపులో ఉన్నారు. ఊరు కాని ఊళ్లో ఉన్న ఒక్క మనిషీ మొహం తిప్పుకుంటే ఎలా ఉంటుందో నాకు అప్పుడు తెలిసింది. వండుకోబుద్ధి కాలేదు. మిద్దె మీద బట్టలు ఆరేసి దిగుతూ మెట్ల మీద ఆమె చెప్పుల చప్పుడైతే తలుపు దాకా పోయి నిలబడేదాన్ని. చప్పుడు కిందికే పోయేది. నేను చేసిన తప్పేమిటో తెలియక ఏడ్చాను కూడా.

చివరికి జరిగింది విని గుమాస్తాగారే చెప్పారు. "యాది అంటె జ్ఞాపకం అమ్మా. నిజాం దినాలల్ల మూడు రంగుల జెండ ఎత్తిండని ఆమె తమ్ముని జైల్ల ఏసిన్రు. వచ్చినంక బతకలే. గందుకే నేను గూడ ఇగ నోరు మూసుకున్న."

నేను పరుగున దిగేసరికి మేస్త్రీ నిచ్చెనెక్కి ఉన్నాడు. ఆమె అరుగు మీద కూర్చుని చూస్తోంది. "పిన్నిగారూ, నేనన్నది ఇంటి గుర్తు. సందులో దారి తప్పుతానని అన్నాను. అంతే" అన్నాను. ఏడుపొచ్చేసింది.

"గంతేనా?" అంది. జరిగి చోటిచ్చింది.

తరవాత తనే అంది: "దాని కిందికెల్లే రోజు వచ్చుడు, పోవుడు. మామ బతికినన్ని దినాలు నేను నోరు తెరవలే. గా నిజామోల్ల రొట్టె ఇన్నేండ్లు గోడ మీదున్నది. మా తమ్మునిది ఫొటో గూడ లేదు బిడ్డా. రేపు నేను పోతె, గాడెట్లుండెనో ఎరుకున్నోల్లు ఒక్కలు లేరు."

"ఎలా ఉండేవాడు పిన్నీ?" అన్నాను.

చెప్పబోయి ఆగింది. కళ్లు మూసుకుంది. చాలాసేపు వెతుక్కుంది పాపం.

"ముక్కు మాత్రం నాదే" అంది.

మేస్త్రీ ఉలి దెబ్బలకు పసుపు పెళ్లలు రాలుతున్నాయి. నేను అటు చూడలేదు. ఆమె ముక్కు వంకే చూస్తూ కూర్చున్నాను.