ఎడమకు లాగిన విమానం

నా చిన్నప్పుడు, ధర్మవరంలో, నేను చేసిన విమానం పదిసార్లు వదిలితే పదిసార్లూ ఎడమకు తిరిగి పక్కింటి గోడకే గుద్దుకునేది. వెదురు పుల్లలు, పల్చటి కాగితం, చక్రాలకు చొక్కా గుండీలు, ముందు రేకుతో కత్తిరించిన పంఖా. పంఖాను వేలితో తిప్పి తిప్పి దాని వెనకున్న రబ్బరుకు మెలి ఎక్కించి వదిలితే, అది బండల మీద పరుగెత్తి పైకి లేవాలి. మర్నాడు బడిలో పోటీ, ఎవరి విమానం తిన్నగా లేస్తే వాళ్లను పెనుకొండలో ప్రదర్శనకు రైల్లో తీసుకుపోతానన్నాడు సైన్సు సారు. నేను అప్పటికి రైలెక్కి ఎరగను.

రెక్కలు మార్చాను, గుండీలు మార్చాను. లాభం లేక అరుగు మీద కూలబడి ఏడ్చాను.

పక్కింటి అక్క పట్టు దారానికి పురి పెట్టే పని చేసేది. బడి ముఖం చూసిన మనిషి కాదు. పని చేస్తూనే నన్ను గమనించిందేమో, లేచి వచ్చింది. "నీకేం తెలుసక్కా, ఇది సైన్సు" అన్నాను. ఎంత పొగరు నాకు! ఆమె పట్టించుకోలేదు. దారం రెండు కొసలకూ రెండు పుల్లలు కట్టి, ఒకటి నాకిచ్చి, ఇంకోటి తను పట్టుకుని పురి ఎక్కించింది. ఇద్దరం వేళ్లు సడలించగానే నా పుల్ల ఒకవైపు, ఆమె పుల్ల దానికి ఎదురువైపు గిర్రున తిరిగాయి.

"చూసినావా పాపా? పంఖా అట్ల తిరిగితే, విమానం ఒళ్లు ఇట్ల తిరగాలని చూస్తాది. ఎడమ గుండీని నేలకు అదుముతాది, దాంతో ఆ పక్కకే పోతాది. తప్పు నీ చేతిలో లేదులే."

తోక మీద నిలువుగా ఉన్న అట్టను కుడివైపుకు గోరంత వంచింది. ఇంకా వంచమంటే ఒప్పుకోలేదు. "పురి నిండుగా ఉన్నప్పుడే లాగుతాది. ఎక్కువ వంచితే, పురి తగ్గినాక కుడికి పోతాది" అంది.

మర్నాడు విమానం తిన్నగా లేచింది. తోక వంచమని ఎవరు చెప్పారని సారు అడిగాడు. "నేనే ఆలోచించినా సార్" అన్నాను. ఆ మాట నోటికెలా వచ్చిందో!

సాయంత్రం అక్క గడపలోనే ఎదురుచూస్తోంది. "సారుకు నా మాట చెప్పినావా?"

"చెప్పినానక్కా."

ఆమె మురిసిపోయింది. కనబడిన వాళ్లందరికీ చెప్పుకుంది. పెనుకొండకు రైల్లో పోయానే గానీ, కిటికీ పక్కన కూర్చున్నా నాకు ఏదీ రుచించలేదు.

ఈమధ్య విమానం నడపడం నేర్చుకుంటున్న నా మనవరాలు ఫోన్ చేసింది. "అవ్వా, లేచేటప్పుడు ఇంజనుకు పూర్తి బలం ఇస్తే విమానం ఎడమకు లాగుతాండాది. కుడికాలితో పెడల్ తొక్కి, తోకను కుడికి తిప్పి సర్దుకోవాల" అంది.

"తెలుసు. కొంచమే తొక్కు" అన్నాను.

"నీకెవరు చెప్పినారవ్వా?"

అదే ప్రశ్న. ఈసారి అక్క పేరు చెప్పాను, మొత్తం చెప్పాను. చిన్నప్పటి ఆ పెనుకొండ ప్రయాణం నుంచీ ఎవరు నన్ను మెచ్చుకున్నా, అది నాకు ఎవరు నేర్పారో ముందు చెప్పేయడం అలవాటైంది. అక్క ఒక్కదానికే ఆ బాకీ తీర్చలేకపోయాను. ఆమె నా అబద్ధాన్ని నమ్మి, సంతోషంగానే కన్నుమూసింది.