ఈగ కాలి మీద దువ్వెన చూసినవాడు

నిన్న పొద్దున్న ల్యాబ్ గ్రూప్‌లో మస్తాన్ పోయాడన్న మెసేజ్ చూసి వేరే మస్తాన్ ఎవరో అనుకున్నాను. మా వైపు మస్తాన్‌లకి కొదవా?

మా మస్తాన్ వలీనే. డెంగీ.

జ్వరమని లీవ్ పెట్టి ఇంటికెళ్ళినవాడికి, సాయంత్రం వాళ్ళూరు అద్దంకిలో గుప్పెడు మట్టి వేసి వచ్చాను.

వాడంటే నాకు కుళ్ళు. ఇవాళ కూడా ఉంది. పోయినవాడి గురించి ఇలా రాస్తారా అని తిట్టుకోండి, పర్లేదు.

గుంటూరులో ఒకే ల్యాబ్, ఒకే బెంచి మాది. మగ్గిన అరటిపళ్ళ మీద ముసిరే చిన్న ఈగలే మా రీసెర్చ్. ఒంట్లో ఏ భాగానికి ఏ కాలు మొలవాలో చెప్పే జీన్ పాడైతే ఏమవుతుందో చూడాలి. మత్తిచ్చి, మైక్రోస్కోప్ కింద పోసి, బ్రష్‌తో ఒక్కొక్కటీ ఏరాలి.

నాకు మెడ పట్టేసేది. వాడు కూనిరాగం తీస్తూ ఏరేవాడు. చిన్నప్పుడు కల్లంలో వాళ్ళమ్మ పక్కన కూర్చుని ఎర్రటి మిరపకాయల్లోంచి తెల్లబడ్డ తాలుకాయలు ఏరిన చెయ్యి అది. పర్చూరులో మాకూ మిరప ఉంది. మా నాన్న నన్ను కల్లం దరిదాపులకి రానివ్వలేదు, చదువుకోమన్నాడు.

ఒకరోజు ఒకే సీసాలో ఈగలు చెరి సగం పంచుకున్నాం. మగ ఈగకి ముందు కాళ్ళ మీదే నల్లటి చిన్న దువ్వెన ఉంటుంది. వాడి సగంలో ఒకదానికి రెండో జత కాళ్ళ మీదా ఉంది. నడిమి భాగం తనే ముందు భాగం అనుకుందన్నమాట. మా గైడ్ మేడమ్ ఎప్పటినుంచో వెతుకుతున్నది దాన్నే.

నేనూ చూస్తానన్నాను. వాడు ఐపీస్‌ని కర్చీఫ్‌తో తుడిచి మరీ ఇచ్చాడు. ముందురోజు ఇంటి దగ్గర మిరపకాయలు బస్తాలకెత్తేటప్పుడు మూతికి కట్టుకున్న కర్చీఫ్ అది. కన్ను పెట్టానో లేదో భగ్గుమంది.

"ఏరా, నా ఈగని చూసి ఏడుస్తున్నావా?"

ల్యాబంతా నవ్వింది. ఆ కన్నీళ్ళు సగం ఘాటుకి, సగం కడుపుమంటకి.

పేపర్ మీద వాడి పేరు ముందు, నాది మధ్యలో ఎక్కడో. పైగా టీ కొట్టు దగ్గర, "ఆ ఈగ నీ వైపు పడుంటే నీకే దొరికేది కదరా" అనేవాడు. అది విని ఇంకా మండేది.

ఇవాళ ఈగల్ని కొత్త మేత సీసాల్లోకి మార్చాలి. మార్చకపోతే వాడి లైన్, అంటే ఆ దువ్వెన ఈగ సంతానమంతా, చచ్చిపోతుంది. ఎవరు చూసుకుంటారని మేడమ్ అడిగారు. ఒక జూనియర్ అమ్మాయి చెయ్యెత్తబోతుంటే నేను లేచి ట్రే లాక్కున్నాను.

మంచితనం కాదు. వాటిని ఇంకొకరు ముట్టుకుంటే నేను ఓర్చుకోలేను.

వాడివి అన్నీ మార్చేశాను, బతికే ఉన్నాయి. నావి రేపు.

వెళ్ళిరా మస్తాన్. అల్లా నీకు నెమ్మదైన నిద్రనివ్వాలి.