పండుమిరపకాయల బుట్ట

మా ఊరికి ఎవరొచ్చినా మొదట అడిగేది బీచ్ ఎంత దూరమని. గుంటూరు స్టేషన్లో దిగి, సంచి భుజం మీంచి దించకుండానే సూర్యలంకా, వాడరేవా అని తగువు మొదలెడతారు. నాకు ఒళ్ళు మండిపోతుంది. సముద్రం ఎక్కడికీ పోదు కదా! మిరప కళ్లాలు ఆ కాస్త కాలమే ఉంటాయి, వాటిని చూసి వెళ్ళండర్రా అంటే ఒక్కరూ వినరు. ఇసుకలో ఫోటోలు దిగి, మాడిపోయిన మొహాలతో తిరిగొచ్చి, "మీ వైపు ఎండ తప్ప ఏముందండీ" అనేసి బస్సెక్కుతారు.

అందుకే మా తమ్ముడు విశాఖపట్నం అమ్మాయిని చేసుకున్నప్పుడు లోలోపల సంతోషించాను. సముద్రం ఒడ్డున పుట్టి పెరిగిన పిల్ల, బీచ్ మాట ఎత్తదనుకున్నాను. నిజంగానే ఎత్తలేదు. పెళ్ళైన వారానికి వంటింట్లో నా పక్కన నిలబడి మర్యాదగానే అడిగింది: "వదినా, మీ ఊళ్ళో చూడ్డానికి ఏముంటాయి?"

పొయ్యి మీద కూర మాడుతోందని తప్పించుకున్నాను.

ఆ ప్రశ్న వెనక ఏముందో నెల తిరక్కుండా తెలిసింది. మా మరదలు నర్సు. ఇక్కడ దగ్గర్లోనే ఒక ఆసుపత్రిలో పనికి చేరింది గాని, విశాఖలో తను ముందు పనిచేసిన చోటి వాళ్ళు మళ్ళీ రమ్మని పిలుస్తున్నారు. ఈ ఎండ, ఈ దుమ్ము, ఈ ఘాటు తనవల్ల కావడం లేదని తమ్ముడితో అందట. "కౌలు పొలం వదిలేసి నేనూ వచ్చేస్తాలే" అన్నాడట వీడు. ఆ ముక్క వాడే వచ్చి నా ముందు తల దించుకుని చెప్పాడు. పంట ఇంటికొచ్చాక తేల్చుకుంటామన్నాడు.

"మంచిది నాన్నా, మీ ఇష్టం" అన్నాను. మంచిదెలా అవుతుంది? మావారు పోయాక, గోడవతల తమ్ముడున్నాడన్న ధైర్యంతోనే ఈ ఊళ్ళో పిల్లలకి పాఠాలు చెప్పుకుంటూ బతుకుతున్నాను. వాళ్ళు వెళ్ళిపోతే ఆదివారం వండిన కూర గిన్నె ఎవరికి అందివ్వను?

ఇక నడుం బిగించాను. ఈ ఊరు ఆ పిల్లకి నచ్చి తీరాలి.

మొదట గుంటూరు మిర్చి యార్డుకి తీసుకెళ్ళాను. మంచి సీజను. మిరపకాయలు కుక్కిన టిక్కీ బస్తాలు మేడల్లా పేర్చి ఉన్నాయి, లారీలు ఒకదాని వెనక ఒకటి వస్తున్నాయి. నాకైతే పండగలా ఉంది. "చూశావా, ఎలా ఉందో!" అని గొప్పగా తిరిగి చూస్తే పక్కన మనిషి లేదు. గేటు దగ్గర గోడ పట్టుకుని తుమ్ముతోంది, కళ్ళూ ముక్కూ ఏకమయ్యాయి. మూటలు మోసే ఒకాయన నీళ్ళ సీసా ఇచ్చి, "ఏమ్మా, కొత్తా?" అని జాలిపడ్డాడు. మాకు ఆ ఘాటు తెలియదు. తెలియదు కాబట్టి, ఘాటనేది ఒకటుందనే మర్చిపోతాం. అలాంటి పొరపాటు గుంటూరు వాళ్ళే చేస్తారు.

సరే అని, తన కోసం కారం తగ్గించి కోడికూర వండాను. పసిపిల్లలు కూడా తినేలా చేశాననే అనుకున్నాను. రెండు ముద్దలు తిని చెంబుడు నీళ్ళు తాగింది. "బావుంది వదినా" అంది, పాపం, చెవులదాకా ఎర్రబడి.

ఇంకో సెలవు రోజున పిడుగురాళ్ల వైపు బస్సెక్కించాను. సున్నం బట్టీల పక్కన చెట్ల ఆకులన్నీ తెల్లగా ఉంటాయి, చిన్నప్పుడు నాకదో వింత. తను మాత్రం వాటిని చూసి, "ఇక్కడ పనిచేసేవాళ్ళ ఊపిరితిత్తులు ఎలా ఉంటాయో వదినా" అంది. నర్సుని విహారానికి తీసుకెళ్తే ఇంతేనని సరిపెట్టుకున్నాను.

ఆ తర్వాత డ్యూటీ నుంచి రోజూ ఆలస్యంగా రావడం మొదలెట్టింది. నన్ను చూడగానే చేతిలో ఫోను సంచిలో పడేసేది. విశాఖ వాళ్ళతో మాటలు ముగిసినట్టున్నాయి, ఇక సామాను సర్దుకోవడమే తరువాయి అనుకున్నాను. అడిగే ధైర్యం లేకపోయింది.

ఇంతలో మా చర్చిలో కోత పండుగ వచ్చింది. పొలం ఉన్నవాళ్ళు తొలిపంట తెస్తారు, లేనివాళ్ళు కోడినో గుమ్మడికాయనో తెస్తారు. ఆరాధన అయ్యాక అన్నిటినీ వేలంపాట పెడతారు. పత్తి మూట, కందులు, అరటి గెల అన్నీ పోయాక, ఆఖర్న పండుమిరపకాయల బుట్ట వస్తుంది. దానికి మా సంఘంలో ఒక కట్టుబాటు ఉంది. పాడుకున్నవాళ్ళు ఆ కాయలతో పచ్చడి నూరి, జాడీలో పెట్టి, ఏడాదంతా కాచుకుని, మళ్ళీ కోత పండుగ భోజనాల్లో అందరికీ తమ చేత్తో వడ్డించాలి. ఊరు వదిలి వెళ్ళేవాళ్ళు దాని జోలికి పోరు. వెనకటికి ఒకాయన సరదాపడి పాడుకుని, బదిలీ మీద పొదిలి వెళ్ళిపోయాడు. ఆయన్ని ఇప్పటికీ మేము పచ్చడి ఎగ్గొట్టినాయన అనే అంటాం.

సంఘ పెద్ద బుట్ట ఎత్తి పట్టుకున్నాడు. ఎవరో ఒక ధర అన్నారు. చాపల మీద, నాకు రెండు వరసల ముందు కూర్చున్న మా మరదలు చెయ్యెత్తింది.

తెలియక ఎత్తిందనుకున్నాను, వాళ్ళమ్మకి పంపడానికి కాబోలనుకున్నాను. రేపు ఊరు విడిచి వెళ్తే ఈ జనం దాన్ని జన్మంతా దెప్పుతారు. వెళ్తే వెళ్ళనీ, మాట పడకుండా వెళ్ళనీ అని నేను పై ధర పాడాను. తను ఇంకా పైకి పాడింది. నేను మళ్ళీ పెంచాను. చర్చంతా నవ్వులు. "అక్కయ్యగారూ, ఇంట్లో ఇంట్లో పోటీ ఏంటండీ!" అన్నాడు సంఘ పెద్ద. మగవాళ్ళ వైపు మా తమ్ముడు తల పైకెత్తి ఫ్యాను చూస్తున్నాడు.

నేను చాపల మీద జరుక్కుంటూ వెళ్ళి తన చెయ్యి పట్టుకున్నాను. "వద్దమ్మాయ్, నీకు తెలీదు. అది తీసుకుంటే వచ్చే ఏడు పచ్చడి నువ్వే వడ్డించాలి."

"తెలుసు వదినా. కళ్లంలో కాయలేరే అవ్వలు చెప్పారు."

"ఏ కళ్లం?"

"మన కళ్లమే. డ్యూటీ దిగి రోజూ అక్కడికే వెళ్తున్నా. మొదట బీపీ చూడమని పిలిచారు. ఇప్పుడు నన్నూ పక్కన కూర్చోబెట్టుకుని రంగు పోయిన తాలుకాయలు ఏరిస్తున్నారు. మాస్కు కట్టుకుంటే తుమ్ములు రావట్లేదు." ఆ మాట చెబుతూనే ఇంకోసారి చెయ్యెత్తింది. "బయట అందరూ విశాఖమ్మాయ్ అంటారు వదినా. అక్కడ మా సిస్టరమ్మ అంటారు. పచ్చడి నూరడానికి వాళ్ళూ వస్తామన్నారు."

నేను పాట సంగతే మర్చిపోయాను. మూడోసారి అనేసి, సంఘ పెద్ద బుట్ట తెచ్చి తన ఒళ్ళో పెట్టాడు.

"మరి విశాఖ ఉద్యోగం?"

"రానని చెప్పేశాను, అయినా ఫోన్లు మానడం లేదు. మీకు చెప్దామంటే, మీరేమో నన్ను ఊళ్ళు తిప్పే హడావుడిలో ఉన్నారు. ఎండాకాలం సెలవులకి మీరూ మాతో రండి వదినా, మా ఊరు చూద్దురు గాని."

"మీ ఊళ్ళో బీచ్ తప్ప చూడ్డానికి ఏముందమ్మా?" అన్నాను. అంటూ ఉండగానే కళ్ళలో నీళ్ళు ఆగలేదు. మిరపకాయల మీదికి నెట్టేద్దామని బుట్ట వైపు చూశాను. అవి ఇంకా ఎండని కాయలు. వాటికి ఘాటు రాదని అక్కడ కూర్చున్న అందరికీ తెలుసు. మా మరదలికి కూడా.