తెప్ప మొన మీద మెక్సికో సూరీడు

మాది శ్రీకాకుళం జిల్లాలో సముద్రం ఒడ్డు పల్లె. మా ఆయన సరుకుల ఓడలో పనిచేస్తారు. నిరుడు సెలవుకి వస్తూ మెక్సికో నాణెం ఒకటి తెచ్చారు. అక్కడ పాత నాణేలను మెల్లమెల్లగా చలామణీ నుంచి తీసేస్తున్నారట. చుట్టూ పసుపు అంచు, నడుమ తెల్లటి బిళ్ళ మీద నోరు తెరిచిన సూర్యుడి ముఖం. దాన్ని నా డబ్బుల సంచీలోనే వేసుకున్నాను.

మా మరిది కొత్త తెప్పను నీళ్ళలోకి దించే రోజు, శుభమని మొన మీద అతికించడానికి మా అత్త నాణెం అడిగింది. వేకువ చీకట్లో సంచీలో చేతికందినది ఇచ్చేశాను. అతికించాక చూశాడు మరిది.

"ఏటొదినా ఇది? సెల్లని డబ్బు పెడతావా నా తెప్పకి?" అని అరిచాడు. ఒడ్డున జనమంతా నావైపు తిరిగారు. నాకు తల కొట్టేసినట్టయింది.

నాణేన్ని ఊడబీకబోయిన మా అత్త చెయ్యి చటుక్కున ఆగిపోయింది. అప్పుడే పొద్దు పొడిచింది. నాణెంలోని ఆ ముఖం నిద్రలేచినట్టు ఎర్రగా వెలిగింది. అత్త చేతులు జోడించింది.

"సూరీడు సెల్లకపోడమేటిరా? రోజూ వస్తన్నాడు గదా. ఉండనీ."

మరిది తెప్పను నీళ్ళలోకి తోశాడు.

అక్కడ చేతులు మారడం మానేస్తున్న ఆ నాణెం, ఇక్కడ రోజూ తెల్లవారకముందే సూర్యుడికి ఎదురెళ్తోంది.