ఆరు సుద్ద గీతలు

మా పెదనాన్న దేవానందం గారు విస్సన్నపేట వెళ్ళే షేర్ ఆటో ఎక్కాలంటే ముందు దాని చుట్టూ ఒకసారి తిరుగుతారు. వంగి టైర్లు చూస్తారు. వెనక టైరు మీద అరచేత్తో ఒక్కటి చరుస్తారు. బ్రేకు తొక్కి చూపించమంటారు. తిరువూరు బస్టాండు దగ్గర ఆటోవాళ్ళకి ఇదంతా అలవాటే.

"మిలటరీ బాబాయ్, ఇది హెలికాప్టర్ కాదు. పైకి లేవదు" అంటారు వాళ్ళు.

"పైకి లేచేవాటితో ఇరవయ్యేడేళ్ళు ఉన్నాను, ఏం కాలేదు. నేల మీద పోయేవంటేనే నాకు భయం" అంటూ ఎక్కి కూర్చుంటారు.

పోయినేడు మా చర్చిలో కొత్త ఫ్యాన్లు పెట్టారు. నిచ్చెన వేయించుకుని ఒక్కొక్కటీ కదిపి చూసేదాకా ఆయన వాటి కింద కూర్చోలేదు. మూడు ఆదివారాలు గోడవారగా నిలబడే వాక్యం విన్నారు. "దేవుడి మీద నమ్మకం లేదా మీకు?" అని జోజమ్మ పెద్దమ్మ విసుక్కుంటే, "దేవుడు బిగించలేదుగా. మీ తమ్ముడు జోజిబాబు బిగించాడు" అన్నారు.

పెదనాన్న ఎయిర్‌ఫోర్స్‌లో హెలికాప్టర్ మెకానిక్. వాళ్ళ నాన్న, అంటే మా శాంతయ్య తాత, బతికినన్నాళ్ళూ వీపు మీద మందు డబ్బా కట్టుకుని రైతుల చేలకి పురుగుమందు కొట్టాడు. ఆ కొడుకు ఇంటర్ అయ్యాక సెలెక్షన్‌కి వెళ్ళి, వాళ్ళు రమ్మన్న చోటికి వెళ్ళిపోయాడు. మంచు కొండల్లో, ఎడారిలో, ఎక్కడెక్కడో పనిచేశారు. సెలవులకి వచ్చినప్పుడు ఆయన చెప్పిన కథల్లో నాకు బాగా ఇష్టమైనది గిల్ సార్ కథ.

గిల్ సార్ పైలట్. పొద్దున్నే పెదనాన్న హెలికాప్టర్ అంతా చూసి, పుస్తకంలో సంతకం పెట్టేవారు. తర్వాత గిల్ సార్ వచ్చి, చూసినవన్నీ మళ్ళీ చూసేవాడు. ప్రతి నట్టు మీదా చెయ్యి వేసేవాడు. పెదనాన్నకి అప్పుడు ఇరవై మూడేళ్ళు, కోపం ఎక్కువ. నా సంతకం మీద ఈయనకి నమ్మకం లేదని కుమిలిపోయి, ఒకరోజు అడిగేశారు. గిల్ సార్ నవ్వి, "నమ్మకపోతే ఎక్కనే ఎక్కనురా. ఎక్కుతున్నాను కాబట్టే చూస్తున్నాను" అన్నాడట.

ఈ కథని అక్కడితో ఆపేసేవారు. అంతే కాబోలు అనుకునేదాన్ని.

రిటైరై ఊరికి వచ్చాక ఆయనకి చేతినిండా పని లేకుండా పోయింది. వీధిలో వాళ్ళ కుక్కర్లకి వాషర్లు మార్చేవారు, మిక్సీలు విప్పి పెట్టేవారు. షుగరు వచ్చింది. సాయంత్రం నాలుగింటికే అరుగు మీద కూర్చుని ఎప్పుడు చీకటి పడుతుందా అని చూసేవారు. ఆయన మాట తగ్గిపోవడం చూసి పెద్దమ్మ బెంగ పెట్టుకుంది.

అప్పుడు మా పొదుపు సంఘానికి మందు కొట్టే డ్రోను వచ్చింది. దాన్ని నడపడానికి ఎవరూ ముందుకి రాలేదు. ఇంటర్ మధ్యలో మానేసిన నేను వెనక వరసలో కూర్చుని ఏమీ అనలేదు. అనలేదు కాబట్టి ఒప్పుకున్నానని రాసుకున్నారు. ట్రైనింగుకి పంపారు. తిరిగొచ్చి డ్రోను పెట్టె మా ఇంట్లో దించిన రోజు, పెదనాన్న దాని చుట్టూ రెండుసార్లు తిరిగారు. మర్నాడు ఇస్త్రీ చొక్కా వేసుకుని, భుజాన పాత పనిముట్ల సంచితో పొద్దున్నే ఆరింటికి మా గుమ్మంలో ఉన్నారు.

"పద షైనమ్మా. నువ్వు పైలట్‌వి, నేను నీ మెకానిక్‌ని."

మా డ్రోనుకి ఆరు చేతులు. ఒక్కో చేతి చివర మోటారు, దాని మీద రెక్క. ఆటోలో పట్టడానికి చేతులు మడుస్తాం. పొలం దగ్గర వాటిని చాచి, మడత దగ్గరున్న మరని బిగించాలి. మర సరిగ్గా పడకపోతే గాల్లో చెయ్యి ముడుచుకుపోతుంది. అప్పుడు మందుతో సహా అంత బరువూ కింద ఉన్నవాళ్ళ మీద పడుతుంది.

దానికి పెదనాన్న ఒక పద్ధతి పెట్టారు. పెద్దమ్మ ఆదివారం బడికి దాచుకున్న సుద్దముక్క ఒకటి తెచ్చారు. ఆయన ఒక్కో మర బిగించి, దాని పక్కన సుద్దతో గీత గీస్తారు. నేను వెనకాలే వచ్చి ఆ చేతిని పట్టుకుని గట్టిగా కదిపి చూసి, అప్పుడు బొటనవేలితో గీత చెరపాలి. ఆరు గీతలూ చెరిగితేనే డ్రోను లేవాలి.

"నేను చూసింది నువ్వు మళ్ళీ చూడాలి, తెలిసిందా? నా గీత తర్వాత పైలట్‌కి తప్పు దొరికిన రోజున ఈ సంచి అటక మీద పెట్టేస్తా" అన్నారు.

అది ఉత్తి మాట కాదని నాకు తెలుసు. ఆయన మాట తప్పడం మా ఇంట్లో ఎవరూ చూడలేదు.

ఆయనకి మళ్ళీ మాటలొచ్చాయి. మధ్యాహ్నం క్యారియర్ విప్పుకుని రైతులతో వాదాలు పెట్టుకునేవారు. పెద్దమ్మ నా చెయ్యి పట్టుకుని, "నీ డ్రోను పుణ్యమా అని ఇంట్లో మనిషి అలికిడి వినపడుతోంది" అంది ఒకసారి.

నేను చేసిన తప్పు ఇప్పుడు చెప్పాలి. మొదటి వారమే నేను చేతులు కదిపి చూడటం మానేశాను. ఇరవయ్యేడేళ్ళు హెలికాప్టర్లు చూసిన పెద్దాయన. రైతుల ముందు, కూలీల ముందు ఆయన బిగించినదాన్ని నిన్నగాక మొన్న నేర్చుకున్న నేను పట్టుకుని ఊపితే బాగుంటుందా? అందుకని చెయ్యి పట్టుకున్నట్టు పట్టుకుని, గీత మాత్రం చెరిపేసేదాన్ని. రెండు పంటలు అలాగే గడిచాయి.

మొన్న పత్తి పూత మీద ఉన్న రోజుల్లో, మధ్యాహ్నం క్యారియర్ మూత మీద రక్తం కనిపించింది. చూస్తే పెదనాన్న చూపుడువేలి చివర తుమ్మముల్లు సగం దిగి ఉంది. ఆయన ఆ చేత్తోనే పప్పన్నం కలుపుకుంటున్నారు.

"ముల్లు పెదనాన్నా."

"ఎక్కడ?" అని చూసుకుని, పీకి పారేసి మళ్ళీ తినసాగారు. మొహంలో నొప్పి లేదు.

మూడోరోజు వెంకటప్పయ్య గారి పత్తిచేను. గంపలగూడెం రోడ్డు పక్కనే. గాలి లేచేలోపు పని మొదలుపెట్టాలని ఆరున్నరకే వెళ్ళాం. కలుపు తీసే ఆడవాళ్ళు పది మంది గట్టు మీద కూర్చుని ఉన్నారు. పెదనాన్న డ్రోను చుట్టూ తిరుగుతూ మరలు బిగిస్తున్నారు.

"ఏమయ్యా దేవానందం, ప్రార్థన అయిందా? ఆమెన్ అంటే మేం కూడా అంటాం" అన్నారు వెంకటప్పయ్య గారు.

"మీ బోరు మోటారుని ఇందులో సగం చూసుకున్నా రెండుసార్లు కాలేది కాదు వెంకటప్పయ్య గారూ."

ఆడవాళ్ళు నవ్వారు. నాకు నవ్వు రాలేదు. నాలుగో చేతి దగ్గర ఆయన వేళ్ళు మర మీద జారడం చూశాను. ఆయన అది గమనించలేదు. గీత గీసి ఐదోదానికి వెళ్ళిపోయారు.

నేను వెనకాలే వచ్చి నాలుగో చెయ్యి పట్టుకున్నాను. చాలా రోజుల తర్వాత గట్టిగా కదిపాను. కదిలింది.

చెబితే సంచి అటక మీదకి పోతుంది, ఆయన మళ్ళీ అరుగు మీదకి పోతారు. పోనీ చప్పుడు చేయకుండా నేనే బిగించేస్తే? ఇవాళ బిగిస్తాను. నేను చూడని రోజున? గట్టు మీద ఆడవాళ్ళలో ఒకామె ఒళ్ళో బిడ్డని వేసుకుని ఉంది.

అందరిముందూ అనలేక, ఆయన దగ్గరికి వెళ్ళి మణికట్టు పట్టుకుని తీసుకొచ్చాను. ఆయన వేళ్ళు మర మీద ఉంచాను.

"బాగానే ఉందిగా" అన్నారు.

నేను డ్రోను చేతిని ఊపాను. మడత దగ్గర సందు కళ్ళకి కనిపించింది. పెదనాన్న ఆ సందు వంక, తర్వాత తన వేళ్ళ వంక చూసుకున్నారు. సంచి భుజానికి తగిలించుకుని మామిడిచెట్టు కిందకి వెళ్ళి కూర్చున్నారు.

"ఏంటమ్మా, ఏమైంది?" అన్నారు వెంకటప్పయ్య గారు.

"పావుగంట ఆగండి" అన్నాను. అంత గట్టిగా నేను ఎప్పుడూ మాట్లాడలేదనుకుంటా.

చెట్టు కింద పెదనాన్న ఎదురుగా కూర్చున్నాను.

"వానలు మొదలైనప్పటినుంచి వేళ్ళు మొద్దుబారాయి. మీ పెద్దమ్మకి కూడా చెప్పలేదు" అన్నారు. "నా వేళ్ళు పోతే పోయాయి, వెనకాల నువ్వు కదిపి చూస్తున్నావు కదా అని ధైర్యంగా ఉన్నా."

ఊరుకుంటే నా తప్పు ఎవరికీ తెలియదు.

"నేను కదపట్లేదు పెదనాన్నా."

"ఏంటి?"

"మీరు బిగించింది మళ్ళీ చూడటం మర్యాద కాదని, గీత చెరిపేసి ఊరుకున్నా. మొదటి వారం నుంచీ."

ఆయన నా వైపు తిరిగారు. "అంటే నిన్ను నమ్మి నేను, నన్ను నమ్మి నువ్వు..." అని ఆగి, "వానలప్పటి నుంచి దీన్ని చూసినవాడు ఎవడూ లేడన్నమాట" అన్నారు.

"మీరు సంచి దింపితే నేనూ రిమోటు దింపాలి."

"గడుసుదానివే. మాట్లాడదు, మాట్లాడదు అంటారు దీన్ని."

నవ్వు మాత్రం రాలేదాయనకి. నేల వంక చూస్తూ, ఎప్పుడూ చెప్పని మిగతా కథ అప్పుడు చెప్పారు. ఒకసారి కొండల్లో ఆయన సంతకం పెట్టాక, ఇంజను మూత గడియ సరిగ్గా పడలేదని గిల్ సార్ కనిపెట్టాడట. పై వాళ్ళకి రాస్తాడు, ఉద్యోగం పోతుంది అనుకున్నారట పెదనాన్న. గిల్ సార్ ఆ సంగతి అక్కడే పుస్తకంలో రాసి, ఆ గడియ పెదనాన్న చేతే వేయించి, "ఇవాళ నువ్వూ ఎక్కు" అని వెనక సీటు చూపించాడట.

"ఎక్కారా?"

"ఎక్కకేం? రెండు గంటలు ఆ గడియ ఉన్న వైపే చూస్తూ కూర్చున్నా."

"అయితే లేవండి పెదనాన్నా. నేను బిగిస్తా, మీరు కళ్ళతో చూడండి."

లేచారు. ఆరు మరలూ నేను బిగించాను. ఆయన కళ్ళజోడు తుడుచుకుని ఒక్కోదాని దగ్గరా కూర్చుని చూసి, గీత గీశారు. నేను ఒక్కో చేతినీ డ్రోను మొత్తం ఊగేలా కదిపి, గీత చెరిపాను. ఆ రోజు డ్రోను దిగేదాకా ఆయన కళ్ళు నాలుగో చేతి మీదే ఉన్నాయి.

ఇంటికొచ్చాక వేళ్ళ సంగతి పెద్దమ్మకి ఆయనే చెప్పారు. ఆమె తిట్టిన తిట్లు వీధి చివరికి వినపడ్డాయి. మర్నాడే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది.

ఆ మర్నాడు పొద్దున ఆరింటికి ఇస్త్రీ చొక్కాతో మా గుమ్మంలో ఉన్నారు.

"గోళ్ళ రంగు ఉందా ఇంట్లో? ఎర్రది."

మా పిన్ని కూతురు మేఘన పెళ్ళికి కొని, వేసుకోవడానికి సిగ్గుపడి దాచిన సీసా ఒకటి ఉంది. ఇచ్చాను. మరలు పూర్తిగా బిగించమని, మర మీంచి చేతి మీదకి సన్నగా ఎర్ర గీత వేశారు, ఆరుచోట్లా.

"హెలికాప్టర్‌లో నట్టు మీద ఇలాగే ఉండేది. మర మీది గీత, చేతి మీది గీత కలిశాయంటే బిగిసినట్టు. దీనికి వేళ్ళు అక్కర్లేదు, కళ్ళు చాలు. సుద్ద పద్ధతి సుద్దదే."

వెంకటప్పయ్య గారి రెండో చేలో డ్రోను దించగానే ఆయన చూశారు. "ఏంటయ్యా, గోళ్ళ రంగు వేశారు? పెళ్ళిచూపులా?"

"అవునండి. మీ పత్తి నచ్చితే దిగుద్ది, లేకపోతే పక్క చేలోకి పోద్ది" అన్నారు పెదనాన్న, నాలుగో చేతి దగ్గర వంగి గీత కలిసిందో లేదో చూస్తూ. సుద్దతో గీత గీసి పక్కకి తప్పుకున్నారు. నేను పట్టుకుని కదిపాను.

"ఇంకా గట్టిగా" అన్నారు.